వేట లేని రెండు నెలలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా పెదజాలారిపేట ఒడ్డున ఇంజను బోట్లు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా 61 రోజులు వేట ఆపేస్తారు. రెండేళ్ళ తరవాత నేను దుబాయి నుంచి సెలవు మీద విశాఖ వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

దుబాయిలో నేను ఓడల మరమ్మతు యార్డులో పైప్ ఫిట్టర్ని. ఏ పెద్ద ఓడైనా అయిదేళ్ళలో రెండుసార్లు అడుగుభాగం తనిఖీ చేయించుకోవాలి. డాకులో నీళ్ళు తోడేశాక చూస్తే అడుగంతా గుల్లలు పట్టి ఉంటుంది. అవి పెరిగేకొద్దీ ఓడ నెమ్మదిస్తుంది, ఆయిలు ఎక్కువ తాగుతుంది. డాకులో ఉన్నన్ని రోజులూ ఓడకి సంపాదన లేదు కాబట్టి మా పనంతా పరుగు మీదే. పన్నెండు గంటల డ్యూటీ, ఆపైన వారాంతపు ఓవర్‌టైము, అదే ఓటీ. ఓటీ ఎప్పుడు పిలిచినా కాదనలేదు. పాప చదువు, ఇంటి స్లాబు కళ్ళముందు ఉంటే ఎలా కాదంటాం?

ఒక రాత్రి షిఫ్టులో గ్రైండర్ చేతిలో ఉండగానే కన్ను మూతపడింది. చక్రం గ్లౌజు చివరని కోసుకుపోయింది. వేలు దక్కింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. సెలవుకి వెళ్ళాక తనివితీరా పడుకుంటాలే అనుకున్నాను. అలసటనంతా మూటగట్టి నలభై రోజుల సెలవు మీద పెట్టుకున్నాను.

తీరా వచ్చాక పడుకున్నదెక్కడ? బ్యాంకు, మేస్త్రీ, రెండు పెళ్ళిళ్ళు, సింహాచలం మొక్కు. తెల్లవారి నాలుగింటికే ఉలిక్కిపడి లేచి చీకట్లో సేఫ్టీ షూస్ కోసం తడుముకునేవాణ్ణి. "ఇంటికొచ్చీసావు మావా, పడుకో" అనేది మా ఆవిడ. పడుకున్నా నిద్ర వచ్చేది కాదు.

ఇరవై రోజులు అలాగే గడిచాయి. ఒక పొద్దున్న బండి తీస్తుంటే, పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న మా అయ్య పిలిచాడు.

"వచ్చిన కాడ్నుంచీ ఒక్కకాడ కాలు నిలపవు. ఏటిరా ఇది? కూకో."

"బ్యాంకుకెళ్ళాలయ్యా."

"బ్యాంకు రేపూ ఉంటాది."

కూర్చున్నాను. చినిగిన చోటు కాలి బొటనవేలికి తగిలించి, వల బిగువుగా లాగి, సూదిని వల కంటిలోంచి పైకి తీసి ముడి వేస్తున్నాడు. ముడి పడ్డాక చూపుడువేలు పెట్టి కన్ను కొలత సరిచూసుకుంటాడు. పెద్దదైతే ఆ ముడి విప్పేసి మళ్ళీ వేస్తాడు. తొందర లేదు. నాకూ ఓ సూది ఇచ్చాడు. చిన్నప్పుడు నేర్చిన పనే, అయినా పది ముళ్ళు వేసేసరికి వేళ్ళు మొరాయించాయి. మధ్యాహ్నం అక్కడే ఇసకలో, వల కుప్ప మీద తల పెట్టి నిద్రపోయాను. లేచేసరికి పొద్దు వాలింది. పాప పక్కన కూర్చుని నా అరచేతిలో గవ్వలు పేరుస్తోంది. రెండేళ్ళలో అంత నిద్ర పోయింది ఆ రోజే.

ఆ రెండు నెలలూ మావాళ్ళకి సుఖమని కాదు. చేతిలో డబ్బు ఆడదు. ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20 వేలు చేశారు, అది కొంత ఊరట. అయినా వల, పడవ, ఇంజను, ఒళ్ళు ఆ రోజుల్లోనే కుదుటపడాలని మా పేటలో అందరికీ తెలుసు. అదీ వేటలో భాగమే వాళ్ళకి. నేను మాత్రం విశ్రాంతిని పనయ్యాక దొరికే బహుమతి అనుకున్నాను. ఏడాది పొడవునా వాయిదా వేసి నలభై రోజుల్లో తీర్చుకునే బాకీ కాదది. వారం వారం పక్కన పెట్టుకోవాలి, ఇంటికి పంపే డబ్బుని పెట్టుకున్నట్టే.

తిరిగి వచ్చాక ఫోర్‌మన్‌కి చెప్పేశాను, నెలలో రెండు ఆదివారాలు ఓటీకి రానని. దాదాపు మూడు వందల దిర్హాములు తగ్గాయి. ఇంట్లో ముందే మాట్లాడుకున్నాం. స్లాబు ఇంకో ఆరు నెలలు ఆలస్యమైనా సరే అంది మా ఆవిడ.

ఎండాకాలం, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది. ఇదివరకు ఆ రెండున్నర గంటలూ ఫోన్ చూస్తూ గడిపేవాణ్ణి. ఇప్పుడు ఫోన్ బ్యాగులో పడేసి, షెడ్డులో అట్టముక్క పరుచుకుని పడుకుంటున్నాను. నన్ను చూసి మా గుంపులో నెల్లూరు తమ్ముడూ మొదలుపెట్టాడు.

సెలవు ఆదివారాల్లో పొద్దెక్కాక లేస్తాను. చేప పులుసు వండుతాను. మన టైము గంటన్నర ముందుంటుంది కాబట్టి, పాప నిద్రపోకముందే బోటిమ్ యాప్‌లో కాల్ చేస్తాను, ఏ పనీ లేకుండానే. సాయంత్రం దేరా వెళ్ళి ఒక దిర్హాముకి అబ్రా పడవెక్కి క్రీక్ దాటుతాను. అవతల గట్టున కాసేపు కూర్చుంటాను. మళ్ళీ ఇంకో దిర్హామిచ్చి ఇవతలికి వస్తాను. మొన్న అలా కూర్చుని ఉండగానే మా అయ్య ఫోన్ చేశాడు.

"ఏటి చేస్తన్నావురా?"

"ఏటీ లేదయ్యా. కూకున్నాను."