విరగని పాలు

నూనె ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని గ్లవుజు వేసుకుని ఒక్కసారి నలిపి చూస్తే నా పనేమిటో అర్థమైపోతుంది. నల్లటి ముద్ద. లోపల ఇసుక గరగర, తుప్పు పొడి, నీళ్లు. అందులోంచి నూనెను విడదీయాలి. ఎంత వేడినీళ్లు పోసినా నూనె ఇసుక రేణువును ఓ పట్టాన వదలదు. సర్ఫాక్టెంట్ అవసరం అక్కడే. దాని అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నూనెను. మధ్యలో దూరి పట్టు సడలిస్తే, రేణువు మీది జిడ్డు బొట్లు బొట్లుగా ఊడి పైకి తేలుతుంది.

ఇబ్బందంతా డోసు దగ్గరే.

మూడేళ్ల క్రితం, బ్యాచ్ త్వరగా తెమలాలన్న టెన్షన్‌లో నేనే డోసు రెట్టింపు చేశాను. ఇసుక శుభ్రంగా వచ్చింది. ఎంత సంతోషించానో! గంట తర్వాత, నూనె, నీళ్లు వేరుపడే తొట్టి సెపరేటర్ మూత తీస్తే పైన నూనె తెట్టు లేదు, అడుగు నుంచి అంచుదాకా చిక్కటి పాలు. మర్నాడూ అంతే. బొట్లు మరీ చిన్నవైపోయాయి. 100 మైక్రాన్ల బొట్టు ఒక మీటరు పైకి రావడానికి 20 నిమిషాలు పడితే, 10 మైక్రాన్ల బొట్టుకు అదే లెక్కన 33 గంటలు. పైగా ఒక్కో బొట్టు చుట్టూ సర్ఫాక్టెంట్ పొర, రెండు కలిసి పెద్దవి కానివ్వదు. చివరికి పటిక వేసి, పీహెచ్ సరిచేసి విరగ్గొట్టాం. నీరు తేరింది కానీ, పారేయాల్సిన కొత్త మడ్డి తయారైంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

డోసు ఒక హద్దు దాటాక ఈ సర్ఫాక్టెంట్ అణువులు గుంపులు కట్టి నూనెను తమలో దాచుకుంటాయి. వాటినే మైసెల్స్ అంటాం. సోడియం లారిల్ సల్ఫేట్ అనే సర్ఫాక్టెంట్‌కు మంచినీటిలో ఆ హద్దు లీటరుకు సుమారు 2.3 గ్రాములు. మడ్డిలో ఆ అంకెను నమ్ముకోలేం. బంకమన్ను కొంత సర్ఫాక్టెంట్‌ను పీల్చేసుకుంటుంది, ఉప్పు హద్దును కిందికి దించుతుంది. అందుకే ప్రతి లోడుకూ ఆరు బీకర్లు, ఆరు డోసులు. కలపడం ఆపాక మొదటి పది నిమిషాలు నేను ఎవరితోనూ మాట్లాడను, గాజు గోడకు కన్ను ఆనించి తెట్టు కట్టడమే చూస్తాను.

నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్లు అనే సర్ఫాక్టెంట్లు బాగా కడుగుతాయి, కానీ వాడను. అవి విడిపోయాక మిగిలే నోనైల్‌ఫినాల్ చేపల హార్మోన్లను దెబ్బతీస్తుంది. ఇప్పుడు బ్యాక్టీరియా తయారుచేసే ర్యామ్నోలిపిడ్ అనే సర్ఫాక్టెంట్‌ను పరీక్షిస్తున్నాను. నిన్న మూడో బీకరులో తెట్టు వేలి మందాన కట్టింది, కింద నీళ్లలోంచి బీకరు వెనకాల పెట్టిన కాగితం మీది అక్షరాలు కనిపించాయి.