సకినాలు అమ్మి ఢిల్లీకి

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కేదాకా నిజంగా ఢిల్లీ పోతున్నామని మాలో ఎవరికీ నమ్మకం లేదు. పన్నెండు మందిమి, అందరం హన్మకొండలో డిగ్రీ చదివే పిల్లలమే. బడ్జెట్ సమావేశాలప్పుడు పార్లమెంటు చూడాలని పట్టుబట్టాం. ఖర్చు లెక్కేస్తే అరవై వేలు తేలింది.

ముందు దుకాణాలు తిరిగాం. యాభై, వంద. అక్కడ మీకేం పని అని అడిగినవాళ్లే ఎక్కువ. ఒక లోకల్ లీడర్ మాత్రం ఇరవై వేలు నేనొక్కడినే ఇస్తానన్నాడు, టీ తాగించాడు, లేచేటప్పుడు అసలు సంగతి చెప్పాడు: చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టాలి, పైన ఆయన ఫొటో, కింద మావి చిన్నగా. ఆ రాత్రి మాలో మాకు పెద్ద గొడవ. ఫొటోదేముంది, తీసుకుందాం అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. చివరికి చీటీలు వేసి ఓటింగ్ పెట్టాం. వద్దని ఏడుగురు, కావాలని ఐదుగురు.

సంక్రాంతి ఇంకో పది రోజులుంది. మా వీధిలో అవ్వ ఒకామె "సకినాలు చేసి అమ్ముకోండ్రి బిడ్డా, నేను చూపిస్త" అంది. నానబెట్టిన బియ్యం తడి ఆరకముందే పట్టించి, నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి, బట్ట మీద వేళ్లతో పిండిని మెలిపెడుతూ చుట్టు మీద చుట్టు తిప్పాలి. ఆమె చేస్తుంటే ఇంతేనా అనిపించింది. నా చేతిలో రెండో చుట్టుకే తెగేది, అవ్వ ఏమీ అనకుండా దాన్ని తీసి మళ్లీ ముద్దలో కలిపేసేది. బట్ట తడి పీల్చేదాకా ఆగాలి, తొందరపడి నూనెలో వేస్తే పేలుతుంది. మావాడి మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. ఖర్చులు పోను ఇరవై మూడు వేలు మిగిలాయి. తగ్గింది ఇళ్లలో అడిగాం.

రామగుండం దాటాక గోదావరి వస్తే అలవాటుగా రూపాయి బిళ్ల తీశాను. "ఫండ్‌దా, సొంతమా?" అంది మా క్యాషియర్ అమ్మాయి, ఒళ్లో లెక్కల నోట్‌బుక్ పెట్టుకుని. సొంతమేనని ఒప్పించేలోపు బ్రిడ్జి అయిపోయింది.

ఢిల్లీలో పాత పార్లమెంటు భవనం బయట 144 స్తంభాలుంటాయని ఎవరో చెబితే, వేయిస్తంభాల గుడి ఊరోళ్లం మాకేం లెక్క అని నవ్వుకున్నాం. ప్రధానమంత్రుల మ్యూజియంలో పీవీ గారి దగ్గర ఎక్కువసేపు ఆగాం. ఆయన 1977, 1980లలో మా హన్మకొండ నుంచే లోక్‌సభకు గెలిచారని తెలుసు, 1984లో ఇక్కడే ఓడిపోయారన్న సంగతి మాత్రం మాలో సగం మందికి అప్పుడే తెలిసింది.

కొత్త పార్లమెంటులో, ఫోన్లూ బ్యాగులూ బయటే పెట్టించుకుని గ్యాలరీలో కూర్చోబెట్టారు. 888 సీట్ల లోక్‌సభ హాలు, సభ్యులు 543 మందే, పైనుంచి చూస్తే ఇంకా ఖాళీగా అనిపించింది. ప్రశ్నోత్తరాలు మొదలై పావుగంట కాలేదు, నినాదాలు, గోల, సభ వాయిదా. మాకిచ్చిన టైమూ అయిపోయింది.

తిరిగొచ్చాక డబ్బులిచ్చిన వాళ్లను పిలిచి లెక్క చదివాం. 1,340 రూపాయలు మిగిలాయి. అవ్వ అంతా విని, "గంత దూరం పోయి పావుగంటనే చూసిండ్రా?" అని అడిగింది. కాసేపాగి, ఆ మిగిలిన పైసలు వచ్చే సంక్రాంతికి నువ్వులకు పెట్టుమంది.