మిషన్ పారేయమన్నారు, కంప్యూటర్ సరిచేసుకున్నాను

పూజా మందిరం తలుపు నిన్న రాత్రి పూర్తయింది. టేకు పలక మీద మధ్యలో గులాబీ, రెండు పక్కలా తీగ. ఒక్క రేకు కూడా పక్కకి జరగలేదు. ఇదే మిషన్‌ని తుక్కుకి వేసేయమని నలుగురి ముందూ నాకు చెప్పారు కాబట్టి ఈ వేడిలోనే రాసేస్తున్నాను.

పటమటలో మా ఇంటి వెనక షెడ్డులో నడుపుకునే చిన్న సీఎన్‌సీ రౌటర్ ఇది, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్క మీద డిజైన్ చెక్కే మిషన్. పల్సుకి (చిన్న కరెంటు సిగ్నల్‌కి) ఒక అడుగు చొప్పున తిరిగే నీమా 23 సైజు మోటార్లు, చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరిపే బాల్ స్క్రూలు. ఏళ్ల తరబడి విండోస్ ఎక్స్‌పీ మీద మాక్3 అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచింది. ఈ ఎండలకి మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఆ కంప్యూటర్ పోయింది. మోటార్లకి పల్సులు వెళ్లేది ప్యారలల్ పోర్టు (పాత ప్రింటర్లు తగిలించే సాకెట్) నుంచి. మాక్3లో ఆ పోర్టుని నడిపే డ్రైవర్ పాత రకం 32 బిట్ విండోస్‌లోనే పనిచేస్తుంది. అందుకని సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి తెచ్చి, ప్యారలల్ పోర్టు కార్డు పెట్టి, మాక్3 పనే చేసే, ఉచితంగా దొరికే లైనక్స్‌సీఎన్‌సీ ఎక్కించాను. అదేం కష్టం కాదు. విడి కార్డుకి పోర్టు అడ్రసు (కంప్యూటర్ ఆ పోర్టుని గుర్తుపట్టే నంబరు) పాత బోర్డుల్లోలా 378 ఉండదు, అదొక్కటి చూసుకోవాలి.

గాలిలో తిప్పితే మోటార్లు చక్కగా తిరిగాయి. చెక్క మీద పెట్టగానే మొదలైంది గోల. పని సగంలో ఉండగా టక్కున ఒక చప్పుడు, అక్కణ్ణించి డిజైన్ మొత్తం రెండు మిల్లీమీటర్లు పక్కకి. ఒకసారి ఎడమకి, ఇంకోసారి కుడికి. అదే ఫైలు మళ్లీ నడిపితే ఇంకో చోట. మోటార్లని స్క్రూలకి కలిపే కప్లింగులు బిగించాను, మోటార్ డ్రైవర్ బోర్డుల కరెంటు చూశాను, స్పిండిల్ (కట్టర్ తిప్పే మోటారు) కేబుల్ షీల్డుకి ఎర్త్ ఇచ్చాను. తేడా లేదు.

మిషన్ అమ్మిన కొట్టుకే వెళ్లాను. మధ్యాహ్నం దాకా స్టూలు మీద కూర్చోబెట్టారు. పాడైన టేకు ముక్క బల్ల మీద పెడితే ఆ యజమాని దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "మాస్టారూ, ఇది పిల్లలు ఆడుకునే మిషన్. దీంతో తలుపులు చెక్కుతారా? తుక్కుకి వేసేసి కొత్తది తీసుకోండి, ఈఎంఐ పెట్టిస్తా" అన్నాడు. పక్కనున్న వాళ్లు నవ్వారు. ఇదే మనిషి అమ్మేరోజు ఇదే మిషన్ మీద దశావతారాలు చెక్కొచ్చని చెప్పాడు. లేచి వస్తుంటే కొట్లో కుర్రాడు యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే కేబుల్ తెచ్చి "ఇది పెట్టండి సార్, సెట్ అయిపోద్ది" అన్నాడు. ఆ కేబుల్ ప్రింటర్ కోసం చేసింది. స్టెప్పు పల్సులు దాంట్లోంచి వెళ్లనే వెళ్లవు. ఎవరిచ్చినా కొనకండి. వస్తువు అమ్మేవాడికి ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో తెలిసుండాలి, తెలియకపోతే కనీసం కొన్నవాడిని అవమానించకూడదు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. నా మిషన్‌కి ఒక మిల్లీమీటరు కదలడానికి 320 పల్సులు కావాలి. నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగమంటే సెకనుకి 16,000 పల్సులు, అంటే పల్సుకీ పల్సుకీ మధ్య 62 మైక్రోసెకన్లు. కంప్యూటర్ వేళకి ఎంత ఆలస్యం చేస్తోందో కొలిచే లేటెన్సీ టెస్ట్ లైనక్స్‌సీఎన్‌సీలోనే ఉంటుంది. దాన్ని నడుపుతూ పెద్ద ఫైళ్లు కాపీ చేస్తూ, కిటికీలు అటూ ఇటూ లాగుతూ గంటసేపు చూశాను. జిట్టర్ (వేళ తప్పే తేడా) 2 లక్షల నానోసెకన్లు దాటింది, అంటే 200 మైక్రోసెకన్లు. అంతసేపు కంప్యూటర్ ఆగితే మూడు పల్సులు రావు, పరుగులో ఉన్న మోటారు పట్టు తప్పుతుంది. ఆ టక్కుమనే చప్పుడు అదే! మిషన్‌లో ఏ లోపమూ లేదు.

బయాస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్లి ప్రాసెసర్‌ని నిద్రపుచ్చే సీ-స్టేట్స్, వేగం తగ్గించే స్పీడ్‌స్టెప్, ఒక కోర్‌ని రెండుగా వాడే హైపర్ థ్రెడింగ్ ఆపేశాను. కరెంటు ఆదా కోసం ప్రాసెసర్ కునుకు తీయడమే ఇక్కడ కొంప ముంచేది. ఐసోల్‌సీపీయూస్ అనే లైనక్స్ సెట్టింగు పెట్టి ప్రాసెసర్‌లో ఒక కోర్‌ని మోటార్ల పనికే వదిలేశాను. మదర్‌బోర్డు గ్రాఫిక్స్ తీసి పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి గుచ్చాను. జిట్టర్ 20 వేల నానోసెకన్లకి దిగింది. 15 నుంచి 20 వేల మధ్య ఉంటే చాలా మంచిదని లైనక్స్‌సీఎన్‌సీ వాళ్లే రాశారు. మా వీధిలో ఇంజినీర్లు చాలామందే ఉన్నారు గానీ ఈ పని చేసింది నేనే.

ఇలాంటి పాత డెస్క్‌టాప్ కొనబోయేవాళ్లు పెన్‌డ్రైవ్‌లో లైనక్స్‌సీఎన్‌సీ వేసుకెళ్లి, డబ్బులిచ్చే ముందే ఆ టెస్ట్ నడిపి చూడండి. అంకె లక్ష దాటితే ఎంత చవకైనా వదిలేయండి. ల్యాప్‌టాప్ జోలికి అసలు పోవద్దు. నేనైతే డబ్బు కూడగానే నెట్‌వర్క్ కేబుల్‌తో తగిలించే మెసా కంపెనీ ఈథర్‌నెట్ కార్డుకి మారతాను. అందులో పల్సులు కార్డే తయారుచేస్తుంది, కంప్యూటర్ మిల్లీసెకనుకోసారి లెక్క అందిస్తే చాలు. ఆ కొట్లో మాత్రం కొనను.