సరుకుల డబ్బు 20వ తారీకుకే ఎందుకు అయిపోతుంది?

నెల సరుకుల చీటీ రాసేముందు డబ్బాలు తెరిచి చూడాలి. మిగిలిన పప్పు, చింతపండు చూసుకోకుండా రాస్తే ఉన్నవే మళ్లీ వస్తాయి.

నలుగురున్న ఇంటికి నెలకు కందిపప్పు 3 కిలోలు, అంటే రోజుకు 100 గ్రాములు. నూనె మనిషికి అర లీటరు చొప్పున 2 లీటర్లు. నూనె దగ్గరే చాలామంది పొరబడతారు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది, కానీ ప్యాకెట్లు 850, 800 గ్రాములవీ ఉంటాయి. ఉదాహరణకు 850 గ్రాములు 136 రూపాయలైతే కిలో 160 పడుతుంది. 800 గ్రాములు 132కి వస్తే చవకనిపిస్తుంది గానీ కిలో 165! ప్యాకెట్టు ధర కాదు, కిలో ధర చూడండి.

కూరగాయల సొమ్ము వేరే ఉంచి, వారానికింతని తీయండి. విజయనగరం రైతుబజారులో బోర్డు మీద ఆ రోజు ధరలు చూశాకే ఏం వండాలో తేల్చుకోవాలి. టమాటా మండిపోతుంటే పప్పులోకి గోంగూర చాలు.

కొత్త చింతపండు వేసవి మొదట్లో మన్యం సంతలకు దిగుతుంది. ఏడాదికి సరిపడా అప్పుడే కొనడం మేలు. గింజలు, ఈనెలు తీసి, బాగా ఎండబెట్టి, ఉప్పు చల్లుతూ జాడీలో నొక్కాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. ఆ ఖర్చుకు నెలనెలా పన్నెండో వంతు పక్కన పెట్టకపోతే కొన్న నెల లెక్క తప్పుతుంది. చోళ్లు (రాగులు) ఎక్కువే కొనొచ్చు, పిండి మాత్రం వానాకాలంలో 15 రోజులకు మించి ఆడించకండి, పురుగు పడుతుంది.