వద్దు, లేదు, కాదు

మా వాడికి ఏడేళ్లు, ఆటిజం. నోటితో వచ్చే మాటలు నాలుగో ఐదో, అవి కూడా మనసు బాగున్న రోజునే. పోయినేడాది స్పీచ్ థెరపిస్ట్ గారు, బొమ్మ నొక్కితే మాట వినిపించే యాప్ ట్యాబ్‌లో పెట్టండమ్మా అన్నారు. అన్నీ అదే చెప్పేస్తే ఇంక వీడు నోరు తెరుస్తాడా అని మా అత్తయ్యగారు భయపడ్డారు, నాకూ అదే భయం. దానికి థెరపిస్ట్ గారు, ఇలాంటి పద్ధతుల మీద వచ్చిన పాత పరిశోధనలన్నీ 2006లో కలిపి చూశారు, పక్కాగా చేసిన పరిశోధనల్లోని 27 మందిలో ఒక్కరికి కూడా మాట తగ్గలేదు, ఎక్కువమందికి కాస్తో కూస్తో పెరిగింది అని చెప్పారు.

సరే అని పెట్టాం. మొదట పెట్టింది ఇంగ్లిష్ వాళ్ల కోసం చేసింది, తిండి పేజీలో పిజ్జా, శాండ్‌విచ్, కాదనడానికి ఒకటే బటన్, నో. మే నెలలో ఒక రాత్రి అన్నం పెడుతుంటే వాడు నో నో అని నొక్కుతూ ఏడుపు, అన్నం వద్దేమో అని కంచం తీసేశా, ఇంకా ఏడ్చాడు. పది నిమిషాలకి తెలిసింది, కరెంటు పోయి ఫ్యాన్ ఆగిందని చెప్తున్నాడు. వద్దు కాదు, లేదు! మనకి వద్దు, లేదు, కాదు మూడూ వేరు కదా, మూడింటికీ ఒకే బటన్ ఇస్తే వాడు మాత్రం ఏం చేస్తాడు.

చెన్నైలో పుట్టిన ఆవాజ్, ఐఐటీ బాంబేలో చేసిన జెల్లో లాంటి మన దేశపు యాప్‌లు ఉన్నాయని ఆ తర్వాతే తెలిసింది. ఇప్పుడు మూడు బటన్లకీ నా గొంతే రికార్డ్ చేశా. పెరుగన్నం మా కంచంలోదే ఫొటో తీశా, నానమ్మ వేరు అమ్మమ్మ వేరు. 'నీళ్లు' ముందు, 'కావాలి' తర్వాత, మనం మాట్లాడే వరసలోనే. ఛార్జింగ్ అయిపోతే ఎలాగని అదే పేజీని ప్రింట్ తీసి లామినేషన్ చేయించా. వాడితో మాట్లాడేటప్పుడు నేనూ బొమ్మలు నొక్కుతూనే మాట్లాడతా, మనం నొక్కకపోతే వాడికి ఎలా వస్తుంది చెప్పండి.

ఒక్కటి మాత్రం నాకు చాలా బాధ. అల్లరి చేశాడని స్కూల్లో ట్యాబ్ లాక్కుని బీరువాలో పెట్టారు. అది ఆటవస్తువు కాదండీ, వాడి నోరు. అల్లరి చేసిన పిల్లల నోటికి ప్లాస్టర్ వేస్తామా?

మొన్న ఆదివారం మా విజయవాడలోనే పటమట నుంచి సత్యనారాయణపురం ఆటోలో వెళ్తున్నాం, బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డుకి వెళ్లకుండా ఆటో రామవరప్పాడు రింగ్ వైపు తిరిగింది. వాడు 'కాదు' నొక్కాడు, ఆగి, 'అమ్మమ్మ' నొక్కాడు. నేను నోరు తెరిచేలోపే ఆటో అతను అద్దంలో వాడినే చూస్తూ, "అమ్మమ్మ దగ్గరికేలే నాన్నా, అటు ట్రాఫిక్ ఉందని ఇటు తిప్పా" అన్నాడు. బయటవాళ్లు నాకు కాకుండా వాడికి జవాబు చెప్పడం అదే మొదటిసారి.