ఎర్ర చుక్క వెంట కళ్ళు పోకూడదు: ఇంట్లో లేజర్‌తో పిస్టల్ డ్రై ఫైర్, నా అనుభవం

పాలకొల్లు చుట్టుపక్కల ఉండి ఎయిర్ పిస్టల్ నేర్చుకునేవాళ్ళకి రోజూ 10 మీటర్ల లేన్ దొరకడం అయ్యే పని కాదు. షూటింగ్ రేంజ్‌కి పోవాలంటే బస్సెక్కాలి, ఒక పూట పోతుంది. చెయ్యి మాత్రం రోజూ లేవాల్సిందే. అందుకే ఇంట్లో డ్రై ఫైర్ మొదలుపెట్టాను. అంటే పెల్లెట్ (చిన్న సీసపు గుండు) లేకుండా పిస్టల్ ఎత్తి, గురి పట్టి, ట్రిగ్గర్ నొక్కడం. ఆరు నెలలుగా దానికి లేజర్ కలిపి చేస్తున్నాను. కుదిరినవీ, కుదరక సరిచేసుకున్నవీ కొలతలతో సహా రాస్తున్నాను.

ముందు పిస్టల్ సంగతి. గాలి సిలిండర్‌తో నడిచే మ్యాచ్ పిస్టళ్ళలో డ్రై ఫైర్ కోసం విడిగా మీటో లివరో ఉంటుంది. అది వేస్తే గాలి ఖర్చవకుండా ట్రిగ్గర్ ఒక్కటే పడుతుంది. గొట్టం విరిచి ఎక్కించే స్ప్రింగు పిస్టల్‌తో మాత్రం ఈ పని చెయ్యొద్దు. పెల్లెట్ లేకపోతే పిస్టన్‌కి ఎదురు గాలి ఉండదు, వెళ్ళి ముందు గోడకి గుద్దుకుంటుంది. కొన్నాళ్ళకి సీలు, స్ప్రింగు రెండూ పోతాయి. లైసెన్సు మీద .22 స్పోర్ట్ పిస్టల్ ఉన్నవాళ్ళు కూడా ఖాళీ చాంబర్ (తూటా కూర్చునే చోటు) మీద కొట్టకూడదు, ఫైరింగ్ పిన్ చాంబర్ అంచుకి తగిలి గంటు పెడుతుంది. వాళ్ళకి తూటా ఆకారంలో ఉండే లేజర్లు దొరుకుతాయి. పిన్ వెళ్ళి తగలగానే లేజర్ వెలుగుతుంది.

ఎయిర్ పిస్టల్‌కి కావాల్సింది వేరు. 4.5 మిల్లీమీటర్ల గొట్టంలోకి సన్నటి కడ్డీ దూరి, మూతి దగ్గర లేజర్ ఉండే రకం. ట్రిగ్గర్ పడ్డప్పుడు వచ్చే అదురుకి వెలుగుతుంది. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: బోర్ సైటర్ వేరు, ట్రైనర్ వేరు. నాకు మొదట ఆన్‌లైన్‌లో వచ్చింది బోర్ సైటర్. అది వేస్తే ఆర్పేదాకా వెలుగుతూనే ఉంటుంది, సైట్లు (గురి చూసే మొన, గాడి) సరిచూసుకోవడానికి తప్ప సాధనకి పనికిరాదు. ట్రైనర్ ట్రిగ్గర్ పడ్డప్పుడు మాత్రమే వెలిగి ఆరిపోతుంది. నా దగ్గరున్నదాని వెలుగు సెకనులో పదో వంతు ఉంటుంది. శక్తి 1 మిల్లీవాట్ లోపు, అంటే క్లాస్ 2 అని లేబుల్ మీద ఉన్నది తీసుకుంటే మంచిది. అయినా అద్దాల జోలికి పోకూడదు. బీరువా అద్దం, దేవుడి పటాలు, నున్నటి గ్రానైట్ గట్టు, వీటిలో ఏది గురి వైపు ఉన్నా కాంతి తిరిగి కంట్లోకి రావచ్చు.

జాగ్రత్త విషయంలో ఒక్క మెట్టు కూడా వదలను. పెల్లెట్ డబ్బా వేరే గదిలో, తలుపు వేసి ఉంటుంది. కడ్డీ గొట్టంలో ఉండగా వెనక పెల్లెట్ పడి, గాలి మీట మామూలు వైపు ఉంటే లేజర్ ఎగిరొచ్చి ఎవరికైనా తగులుతుంది. అందుకని సాధనకి ముందు గొట్టం తెరిచి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తాను, తర్వాతే కడ్డీ. గురి పట్టే గోడకి అవతల మనుషులు తిరిగే చోటు ఉండకూడదు. మాది పెంకుటింటి వసారా చివరి గోడ, దాని వెనక కొబ్బరి తోట. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అలాగని వీధిలోకి కనపడేలా పట్టుకుని నిలబడితే చూసినవాళ్ళు హడలిపోతారు. తడక దించుకుని చేసుకోవాలి.

టార్గెట్ కొలతలో చాలామంది పొరపాటు పడతారు. వసారాలో నాకు దొరికింది 5 మీటర్లు, అంటే 16 అడుగుల 5 అంగుళాలు. అసలు టార్గెట్‌లో నల్ల భాగం 59.5 మిల్లీమీటర్లు, పది వలయం 11.5. దూరం సగమైతే బొమ్మా సగమవ్వాలి: నలుపు 30, పది 5.75. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే పేజీకి సరిపెట్టే సెట్టింగు వల్ల 28కి కుంచించుకుపోయింది. అందుకే స్కేలు పెట్టి కొలవకుండా తెచ్చుకోవద్దు. ఎత్తు కూడా మారుతుంది. 10 మీటర్ల దగ్గర టార్గెట్ మధ్య భాగం నేల నుంచి 140 సెంటీమీటర్లు. నా కంటి ఎత్తు 160. కన్ను నుంచి టార్గెట్‌కి గీత గీస్తే సగం దూరంలో అది 150 దగ్గర ఉంటుంది. ఇంట్లో కూడా 140కే అంటిస్తే చెయ్యి రోజూ కిందికి దిగడం నేర్చుకుంటుంది, రేంజ్‌లో అది మళ్ళీ మాన్పించుకోవాలి. మీ కంటి ఎత్తుకి 140 కలిపి రెండుతో భాగించండి, అంతే.

ఇక అసలు తంటా కడ్డీ బిగింపు. గొట్టంలో కడ్డీ 50 మిల్లీమీటర్లు దూరిందనుకోండి. అందులో 0.1 మిల్లీమీటరు ఆట (వదులు) ఉంటే 5 మీటర్ల దగ్గర చుక్క 10 మిల్లీమీటర్లు జరుగుతుంది. సగం టార్గెట్ మీద ఒక్కో వలయం 4 మిల్లీమీటర్లే కాబట్టి రెండున్నర పాయింట్లు గల్లంతు. తప్పు చేతిది అనుకుని పది రోజులు గ్రిప్ మార్చుకుంటూ కూర్చోవచ్చు. పైగా వదులుగా ఉంటే అదురు సరిగా అందక లేజర్ ఒకసారి వెలిగి ఒకసారి వెలగదు. కుళాయి మరలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు ఒక్క చుట్టు, మడత పడకుండా చుట్టి చేత్తో మెల్లగా నెట్టాను. ఆట పోయింది. రెండు చుట్లు చుడితే బిగుసుకుని బయటికి రాదు. ఎట్టి పరిస్థితిలోనూ సుత్తితో కొట్టొద్దు, గొట్టం లోపలి గాడులు పాడవుతాయి.

తర్వాత తిప్పి చూడాలి. పిస్టల్‌ని బియ్యం సంచి మీద కదలకుండా కూర్చోబెట్టి, లేజర్‌ని పావు చుట్టు చొప్పున నాలుగుసార్లు తిప్పుతూ, ప్రతిసారీ ట్రిగ్గర్ నొక్కి గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. నాలుగు గుర్తులూ కలిపితే గుండ్రంగా వచ్చింది, అడ్డకొలత 3 సెంటీమీటర్ల పైచిలుకు. అంటే లేజర్ దాని తొడుగులోనే కాస్త వంకరగా కూర్చుంది. ఆ వృత్తం మధ్యే గొట్టం నిజంగా చూస్తున్న చోటు. దాన్ని నిటారు చేయడం మన వల్ల కాదు గాని, తొడుగు మీద మార్కర్ చుక్క పెట్టి ఆ చుక్క ఎప్పుడూ పైకే ఉండేలా దూర్చుకుంటే చాలు. తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది, దెబ్బల గుంపు ఎటు పడిందో చూసి లెక్కేసుకోవచ్చు.

లేజర్ చుక్క మధ్యలో పడలేదని పిస్టల్ సైట్లు మాత్రం తిప్పొద్దు. సెకనుకి 150 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్లు చేరేసరికి దాదాపు 2 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. సైట్లు ఆ జారుడు కలుపుకుని పెట్టినవి. వెలుతురు జారదు కాబట్టి లేజర్ ఇంచుమించు ఎప్పుడూ కాస్త పైనే చూపిస్తుంది.

చుక్కని పట్టడానికి ఫోన్ చాలు. ట్రైపాడ్ మీద టార్గెట్‌కి ఒకటిన్నర మీటర్ల దూరంలో, పక్కగా, కిందగా పెడతాను. ఫ్యాన్ ఆపేయాలి, లేకపోతే కాగితం, ఫోన్ రెండూ ఊగుతాయి. చుక్కని గుర్తించి పాయింట్లు వేసే ఫోన్ యాప్‌లో నేను కొట్టని దెబ్బలు రెండు మూడు నమోదవుతుంటే చుట్టూ వెతికాను. దోమల మందు ప్లగ్‌కున్న ఎర్ర దీపం! దాన్ని తీసేస్తే ఆగింది. ట్రిగ్గర్‌ని మళ్ళీ సిద్ధం చేసే లివర్ మూసిన అదురుకి కూడా లేజర్ వెలుగుతుంది, దాన్ని లెక్కలోంచి తీసేసుకోవాలి.

యాప్ ఇచ్చే పాయింట్ల కంటే నాకు ఉపయోగపడింది మామూలు వీడియో. సెకనుకి 30 ఫ్రేములు తీస్తే పదో వంతు సెకను వెలుగు మూడు ఫ్రేముల్లో పడుతుంది. ఒక్కో ఫ్రేము జరుపుకుంటూ చూస్తే చుక్క నిలిచిందో, గీతగా సాగిందో తెలుస్తుంది. గీత మొదలే దెబ్బ, ఎందుకంటే ట్రిగ్గర్ పడ్డ కొద్ది మిల్లీసెకన్లకే పెల్లెట్ గొట్టం దాటిపోతుంది. మిగతా తోకంతా ఫాలో త్రూ (దెబ్బ పడ్డాక కూడా గురి నిలిపి ఉంచడం) కథ. కుడిచేతి వాళ్ళకి తోక ఎడమ కిందికి సాగితే వేలితో పాటు పిడికిలంతా బిగుస్తోందని అర్థం. పది దెబ్బల్లో ఏడింటికి నాకు అదే. తోక 4 మిల్లీమీటర్ల లోపుకి వచ్చాక రేంజ్‌లో ఎనిమిది పాయింట్ల దెబ్బలు తగ్గాయి.

ఇంత మంచి పనిముట్టు చేసే చెడు కూడా ఉంది, దాన్ని గట్టిగా చెప్పాలి. ఎర్ర చుక్క కళ్ళని లాగేస్తుంది. ట్రిగ్గర్ పడగానే ఎక్కడ పడిందో చూద్దామని చూపు ఫ్రంట్ సైట్ (గొట్టం ముందు చివరి గురి మొన) వదిలి గోడ మీదికి దూకుతుంది. వారం తిరిగేసరికి ట్రిగ్గర్ పడకముందే దూకడం మొదలెడుతుంది. ఫ్రంట్ సైట్ మసకబారిందా, షాట్ పోయినట్టే. అందుకే ఫోన్ తెర నాకు కనపడకుండా తిప్పేశాను. ట్రిగ్గర్ పడ్డాక రెండు సెకన్లు ఫ్రంట్ సైట్ మీదే చూపు. పది దెబ్బలయ్యాకే వీడియో. రోజు విడిచి రోజు లేజర్ తీసేసి తెల్ల గోడ మీదే చేస్తాను. మూతి దగ్గర బరువు లేకుండా పిస్టల్ అసలు తూకం చేతికి గుర్తుండాలి కూడా.

రోజుకి 40 ఎత్తుళ్ళు, అయిదుకోసారి విశ్రాంతి. గురిలోకి దిగాక ఎనిమిది సెకన్లలో పడకపోతే దించేయడం. నెలకోసారి ట్రిగ్గర్ బరువు చూసుకుంటాను, పోటీలో 500 గ్రాములకి తగ్గకూడదు. సీసాతో కలిపి 500 గ్రాములు తూగేలా నీళ్ళు పోసి, తీగ కొక్కెంతో ట్రిగ్గర్‌కి తగిలించి, గొట్టం నిటారుగా పట్టుకుని లేపాలి. ట్రిగ్గర్ పడకుండా సీసా లేవాలి.

మన వైపు ఉక్కపోత దీనికి పెద్ద శత్రువు. అరచేయి తడిస్తే కర్ర గ్రిప్ జారుతుంది. వానాకాలంలో కర్ర ఉబ్బి అరచేతి పలక బిగుసుకుంటుంది, మర అర చుట్టు వదులు చేయాల్సి వస్తుంది. బటన్ బ్యాటరీలు లేజర్‌లోనే వదిలేస్తే మొనల మీద పచ్చగా చిలుము పట్టి వెలుగు తగ్గిపోతుంది. సాధన అవగానే మూడు బ్యాటరీలూ తీసి, సిలికా జెల్ పొట్లం వేసిన మూత డబ్బాలో పెడతాను. కడ్డీని పొడి గుడ్డతో తుడిచి దాని పక్కనే ఉంచి, టెఫ్లాన్ టేపు వారానికోసారి కొత్తది చుడతాను.