పద్నాలుగేళ్ల మౌనం

బైబిల్లో రెండవ కొరింథీ పత్రిక, అంటే అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం, 12వ అధ్యాయం చదివినప్పుడల్లా ఆయన పడిన ఇబ్బంది నాకు కళ్లకు కడుతుంది. చెప్పాలని లేదు, చెప్పక తప్పడం లేదు. కొరింథులో కొందరు తమ గొప్పలు చాటుకుంటూ పౌలును చులకన చేస్తున్నారు. అందుకని నోరు విప్పాడు. విప్పినవాడు "నేను వెళ్లాను" అనలేదు. "క్రీస్తునందున్న యొక మనుష్యుని నేనెరుగుదును" అంటూ ఎవరో పొరుగూరి మనిషి సంగతిలా మొదలుపెట్టాడు. మూడవ ఆకాశానికి, పరదైసుకు (పరలోకానికి) కొనిపోబడిన ఆ మనిషి తానే. శరీరంతో వెళ్లాడా, శరీరం లేకుండానా అంటే ఒకటికి రెండుసార్లు "నేనెరుగను" అంటాడు. విన్న మాటలు మనుష్యుడు పలుకకూడనివట. జరిగి అప్పటికే 14 ఏళ్లు.

ఈ మధ్య పరలోకం చూసి వచ్చామనే సాక్ష్యాలకు కొదవ లేదు. వాటిలో వీధుల వెడల్పు ఉంటుంది, దేవదూతల ఎత్తు ఉంటుంది, ప్రభువు కళ్ల రంగు కూడా ఉంటుంది. "నేనెరుగను" అన్న ఒక్క మాట మాత్రం వినబడదు.

చాలా ఏళ్ల క్రితం ఒక ఉపవాస కూడికలో అలాంటి సాక్ష్యం విన్నాను. కూడిక ముగిశాక, ఆ ఏడే కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఆ బోధకుని దగ్గరకు వెళ్లింది. "అయ్యగారూ, మా అబ్బాయి అక్కడ కనిపించాడా?" అని అడిగింది. "కనిపించాడమ్మా, తెల్లని బట్టల్లో ఉన్నాడు" అన్నాడాయన. పిల్లవాడి పేరేమిటో, వయసెంతో ఆయన అడగలేదు. ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నేను సంతోషించలేకపోయాను. నా సందేహం పుట్టింది అక్కడే.

అదే తల్లి పౌలును అడిగి ఉంటే? ఊహించనక్కరలేదు. థెస్సలొనీకలో తమవారిని సమాధి చేసి కుమిలిపోతున్న విశ్వాసులకు ఆయన రాసిన పత్రిక మన చేతుల్లోనే ఉంది. బైబిలు పండితులు సాధారణంగా చెప్పే కాలాల ప్రకారం మొదటి థెస్సలొనీకయుల పత్రిక సుమారు క్రీ.శ. 50 నాటిది, రెండవ కొరింథీ సుమారు 55 నాటిది. 14 ఏళ్లు వెనక్కి లెక్కవేస్తే, థెస్సలొనీకయులకు కలం పట్టేనాటికే పౌలు పరదైసును చూసి ఉన్నాడు. "నేను చూసి వచ్చాను, మీవాళ్లు క్షేమం" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా! రాయలేదు. "యేసు మృతిపొంది తిరిగి లేచెనని మనము నమ్మినయెడల అదే ప్రకారము యేసునందు నిద్రించినవారిని దేవుడాయనతోకూడ వెంటబెట్టుకొని వచ్చును" అన్నాడు. ఏడ్చేవారి ఆదరణకు తన ప్రయాణాన్ని పునాదిగా వేయలేదు, ప్రభువు ఖాళీ సమాధిని వేశాడు.

యేసు చావు నుండి లేపిన లాజరు సంగతి మరీ విచిత్రం. నాలుగు రోజులు సమాధిలో ఉండి బయటికి వచ్చాడు. అతణ్ణి చూడడానికి జనం బేతనియకు విరగబడ్డారు. ప్రధానయాజకులు అతణ్ణి కూడా చంపాలనుకున్నారు. ఇంత రాసిన యోహాను, లాజరు నోట ఒక్క మాటైనా రాయలేదు. నాయీనులో విధవరాలి కుమారుడు పాడె మీద లేచి కూర్చుని మాట్లాడసాగాడని లూకా రాశాడు. ఏం మాట్లాడాడో రాయలేదు! యాయీరు కూతురు లేచినప్పుడు ప్రభువు ఆ పిల్లను ఏ ప్రశ్నా వేయలేదు, తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. ఇన్నిచోట్ల మరచిపోయి వదిలేశారంటే నేను నమ్మను.

అమెరికాలో ఇలాంటి ఒక సాక్ష్యం సంగతి చాలా బాధాకరంగా తేలింది. ఒహాయో రాష్ట్రంలో 2004లో ఒక ఆరేళ్ల బాలుడు కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని మంచం పట్టాడు. అతడు పరలోకానికి వెళ్లి వచ్చాడంటూ తండ్రితో పాటు అతని పేరునూ వేసి 2010లో ఒక పుస్తకం వచ్చింది. పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. తల్లి మాత్రం అది సరికాదని మొత్తుకుంటూనే ఉంది. 2014లో సదరన్ బాప్టిస్టులు (అక్కడి ఒక పెద్ద ప్రొటెస్టంట్ శాఖ) బాల్టిమోర్ మహాసభలో, ఇలాంటి అనుభవాల కన్నా మరణానంతర సంగతులకు లేఖనమే చాలునని తీర్మానించారు. చనిపోయి లేచినవాళ్ల అనుభవాలను లేఖనం చెప్పలేదన్న సంగతిని వాళ్లూ ప్రస్తావించారు. మరుసటి జనవరిలో ఆ బాలుడే బహిరంగ లేఖ రాశాడు: "నేను చనిపోలేదు. నేను పరలోకానికి వెళ్లలేదు." నలుగురి దృష్టిలో పడాలని అలా చెప్పానని ఒప్పుకున్నాడు. ప్రచురణకర్తలు పుస్తకాన్ని ఆపేశారు.

నాకు ఆ పిల్లవాడి మీద కోపం రాదు. ఆరేళ్ల పిల్లవాడు, కదలలేని శరీరం, మంచం చుట్టూ ఆశగా చూస్తున్న పెద్దవాళ్లు. పరీక్షించవలసింది పెద్దవాళ్లే. "ప్రతి ఆత్మను నమ్మక... పరీక్షించుడి" అని యోహాను రాసింది అవిశ్వాసులకు కాదు, "ప్రియులారా" అని పిలిచి మనకే. సంఘంలో ఎవరైనా "ఇది వాక్యానికి సరిపోతుందా?" అని అడిగితే వాళ్లకు విశ్వాసం తక్కువ అని ముద్ర వేయడం మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది.

దర్శనాలే లేవని నేను అనను. రాళ్లతో కొట్టి చంపబడడానికి కాస్త ముందు, తొలి హతసాక్షి స్తెఫను తెరవబడిన ఆకాశాన్ని చూశాడు. కాకపోతే ఆ సాక్ష్యంతో అతడు ఏ ఊరూ తిరగలేదు. చెప్పిన కాసేపటికే ప్రాణం విడిచాడు.

మళ్లీ పౌలు దగ్గరకే వస్తాను. ఆ అధ్యాయంలో పరదైసు సంగతి ముగియగానే శరీరంలో ముల్లు వస్తుంది. తీసివేయమని ముమ్మారు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, జవాబు మాత్రం వచ్చింది. పరదైసులో విన్నవాటిలో ఒక్క మాటా మనకు అందించని మనిషి, నొప్పిలో విన్న ఈ మాటను దాచుకోలేదు: "నా కృప నీకు చాలును." మంచం మీది ఆ బాలుడు కూడా తన లేఖలో జనాన్ని బైబిలు చదువుకోమన్నాడు, అది చాలన్నాడు.